ఎత్తడమొక్కటే విద్య కాదు

బలవంతుడంటే మన జాతికి మొదటినుంచీ ఒక మమకారం ఉన్నది. రచ్చబండ దగ్గర భారతం విన్నవారికి ధర్మరాజు చెప్పిన ధర్మసూక్ష్మాలకంటె భీముడు కీచకుణ్ణి మట్టుపెట్టిన కథే ఎక్కువ జ్ఞాపకముండటంలో వింత లేదు. సంక్రాంతి పండుగకు ఉత్తరాంధ్ర గ్రామాలలో సంగిడి రాయి ఎత్తే కుర్రవాని చుట్టూ మూగే జనాన్ని చూచినవారికి ఈ మమకారం ఎంత గాఢమైనదో వేరే చెప్పనక్కరలేదు. ఆ రాయికి పక్షపాతం తెలియదు. కామందు కొడుకుకు ఎంత బరువో పాలేరు కొడుకుకూ అంతే బరువు. అందుచేతనే దానిని ఎత్తినవానిని ఊరంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంటుంది.

ఆ మమకారమే వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారికి కలియుగ భీముడన్న బిరుదు తెచ్చిపెట్టినది. ఉక్కు గొలుసులు తెంచి, రొమ్ముమీద ఏనుగును నిలిపి దేశమంతటా జేజేలందుకున్న ఆ మహాబలుడు 1942లో కీర్తిశేషుడైనాడు. ఆ తరువాతి తరంలో కృష్ణాజిల్లా గండిగుంట గ్రామంనుంచి దండమూడి రాజగోపాలరావుగారు వచ్చినారు. బరువులెత్తే పోటీలలో పేరు గడించిన ఈయనను 1963లో విడుదలయిన 'నర్తనశాల' చిత్రంలో భీముని వేషంలో తెలుగువారందరూ చూచినారు. విజయవాడలోని ఇండోర్ స్టేడియం ఆయన పేరనే ఉన్నది. బలాన్ని మెచ్చుకోవడంలో మనము లోభులం కామని వీటివల్ల తెలుస్తున్నది. అయితే ఆ బలాన్ని ఎట్లా సాధించాలి, సాధించినదానిని ఎట్లా మోయాలి, ఏ వేళకు దించాలి అన్న విచారణ మనలో అంతగా జరగలేదు. ఈ వ్యాసంలో తలపెట్టినది ఆ విచారణ.

నియమంలోని నీతి

ప్రదర్శనకు, పోటీకి భేదమున్నది. ప్రదర్శనలో చూపరుల ఆశ్చర్యమే కొలత. పోటీలో నియమం కొలత. 1896లో ఏథెన్సు నగరంలో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే బరువులెత్తే పోటీకి చోటు దొరికినది. చాలాకాలం మూడు పద్ధతులుండేవి. వాటిలో 'ప్రెస్' అనేదానిని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత తొలగించినారు. మిగిలినవి రెండు. బార్‌ను నేలమీదినుంచి ఒకే ఊపులో తలపైకి చేర్చడం స్నాచ్. మొదట భుజాలమీదికి, అక్కడినుంచి తలపైకి, రెండు అంచెలలో చేర్చడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్కదానికి మూడేసి అవకాశాలు. మూడింటిలో సఫలమైన పెద్ద బరువే లెక్కకు వస్తుంది. రెండు పద్ధతులలోని బరువులను కలిపితే వచ్చేది మొత్తం. ఒక పద్ధతిలో మూడు అవకాశాలూ తప్పిపోయినవానికి మొత్తమన్నదే లేదు. అంతవరకు అతడు ఎత్తినదంతా ఫలితాల పట్టికలో ఒక ఖాళీ గడిగా మిగిలిపోతుంది.

ఈ పోటీలో చూడవలసిన విశేషం మరొకటి ఉన్నది. బార్ తలపైకి చేరినంతమాత్రాన ఎత్తినట్లు కాదు. మోచేతులు నిటారుగా నిలవాలి. పాదాలు ఒకే వరుసకు రావాలి. దేహం నిశ్చలం కావాలి. అట్లా కదలక నిలిచి, న్యాయనిర్ణేతలు దించమని సంజ్ఞ చేసేవరకు ఓపిక పట్టవలెను. ఆ సంజ్ఞకు ముందే దించితే తెల్లదీపానికి బదులు ఎర్రదీపం వెలుగుతుంది. దించేటప్పుడు కూడ బార్‌ను వెనుకకు విసరరాదు. ముందువైపుకే దించాలి, అది భుజాల మట్టం దాటేవరకు చేతిపట్టు వదలరాదు. అంటే ఎత్తడం, నిలపడం, దించడం మూడూ కలిస్తేనే ఈ విద్య పూర్తి అవుతున్నది. ఈ మూడింటిలో మొదటిదానిని మాత్రమే నేర్చి తక్కిన రెంటినీ విస్మరించినందువల్ల కలిగే అనర్థాలు వేదికమీదనే గాక జీవితంలో కూడ కనిపిస్తాయి.

మూడు పేటలు, రెండు రకాల గదులు

ఈ మాట హైదరాబాదు నగరంలో చెప్పవలసి వస్తే చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలకంటె తగిన చోటు లేదు. ఒకదానినొకటి ఆనుకుని ఉన్న ఈ పేటలలో త్యాగరాయ గానసభ ఉన్నది, వేంకటేశ్వరాలయం ఉన్నది, నారాయణగూడ వై.ఎం.సి.ఏ. ఉన్నది. కూతవేటు దూరంలో, దోమలగూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉన్నది. వీటన్నిటికంటె ఎక్కువగా ఈనాడు ఈ ప్రాంతానికి పేరు తెచ్చినది పోటీ పరీక్ష. నగర కేంద్ర గ్రంథాలయంలో తెల్లవారేసరికి కుర్చీకోసం వరుస కట్టే యువతీయువకులు, అశోక్‌నగర్ సందులలో అడుగడుగునా కోచింగ్ సెంటర్లు, వాటిమధ్య జిరాక్స్ దుకాణాలు, మెస్సులు, ఒక్కొక్క గదిలో నలుగురేసి సర్దుకునే హాస్టళ్లు, ఇదీ అక్కడి దృశ్యం. ఆదిలాబాదునుంచి, పాలమూరునుంచి, నల్లగొండనుంచి తల్లిదండ్రుల ఆశలను మూటగట్టుకుని వచ్చినవారు వీరు.

ఇవే వీధులలో మేడలమీద జిమ్ములు వెలసినవి. పూర్వం పాతబస్తీ తాలీంఖానాలలో వస్తాదు ఎదుట మట్టిలో దండీలు, బస్కీలు తీసిన కాలం వేరు. ఇప్పుడు నిలువుటద్దాలు, పాటలు, విద్యుద్దీపాలు వచ్చినవి. అయినప్పటికీ పగలంతా పుస్తకంమీద వంగిన వెన్నును సాయంకాలం ఒక గంటసేపు నిటారుగా నిలపాలన్న కోరిక మెచ్చదగినదే. ఇట్లా చదువు గదికి, కసరత్తు గదికి నడుమ తిరిగే యువకుణ్ణి రెండుచోట్లా ఒకే విధమైన ప్రశ్న ఎదుర్కొంటున్నది. జిమ్ములో తోటివారు "ఎంత ఎత్తుతున్నావన్నా?" అని అడుగుతారు. పండుగకు ఊరికి వెళితే మేనమామ "పోస్టు వచ్చిందారా?" అని అడుగుతాడు. రెండింటికీ జవాబు ఒక అంకె. లేక ఒక అవును, ఒక కాదు. రోజూ ఈ ప్రశ్నను వింటూవింటూ, తన విలువ కూడ ఆ అంకెయేనని నమ్మే దశకు అతడు చేరుకోవడం అసాధ్యమేమీ కాదు. అసలు ప్రమాదం అక్కడనే ఉన్నది.

పరీక్షకు, బరువుకు పోలిక కొంతదూరమే సాగుతుందని కూడ ఒప్పుకోవలెను. పరీక్షలో ఖాళీలు కొన్నే. ఒకనికి దొరికినది వేరొకనికి దొరకదు. పైగా పరీక్షార్థి చేతిలో లేనివి ఎన్నో ఉన్నవి. 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాలు బయటపడిన కారణంగా 2023 మార్చిలో రద్దయినది. జూన్ నెలలో తిరిగి జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినది. 2024లో మళ్లీ మొదటినుంచి ప్రారంభించవలసి వచ్చినది. రెండు సంవత్సరాలు మోసిన బరువు తన తప్పు ఏమీ లేకుండానే నేలపాలయిన యువకునికి, ఇనుము చెప్పే నీతి చల్లని ఉపదేశంగా తోచవచ్చును. అయితే ఇనుములో ఒక ఊరట ఉన్నది. ఇరవై కిలోల బార్ ఈ రోజూ ఇరవై కిలోలే, రేపూ ఇరవై కిలోలే. దానికి నోటిఫికేషన్ లేదు, వాయిదా లేదు. మనిషికి తన శ్రమకూ ఫలితానికీ నడుమ నమ్మదగిన సంబంధం ఒక్కటైనా కళ్ల ఎదుట ఉండటం మనస్సుకు ఆరోగ్యకరం. ఆ సంబంధాన్ని పాడుచేసుకోకుండా నిలుపుకోవడం ఎట్లాగన్నదే ఇక చూడవలసినది.

సాధన వేరు, పోటీ వేరు

బరువులెత్తేవారిలో కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ప్రతి సాయంకాలాన్నీ పోటీగా మార్చుకోవడం. నిన్న ఎనభై ఎత్తినవాడు ఈరోజు ఎనభై రెండున్నర ఎత్తకపోతే రోజు వృథా అయినదని బాధపడతాడు. ఈ విద్య తెలిసినవారు అట్లా చేయరు. వారి సాధనలో అధికభాగం, తాము ఎత్తగల గరిష్ఠంలో నూటికి డెబ్బయి మొదలు ఎనభై అయిదు వంతుల బరువుతోనే సాగుతుంది. గరిష్ఠాన్ని తాకే రోజులు అరుదు. ఏలనగా, స్నాచ్ బలంతోపాటు లయ మీద ఆధారపడిన విద్య. బార్ మోకాళ్లు దాటే వేళకు వీపు ఏ కోణంలో ఉండాలి, తొడల బలం ఏ క్షణంలో విడుదల కావాలి, బార్ పైకి లేచిన ఆ రెప్పపాటులో దాని కిందికి దేహం ఎంత వేగంగా దిగాలి, ఇవన్నీ వేలసార్లు సరిగా చేసినప్పుడే కండకు, నరానికి అలవాటవుతాయి. మోయరాని బరువుతో తప్పుగా చేసిన ప్రతి ప్రయత్నం తప్పునే నేర్పుతుంది.

సంగీతసాధన ఎరిగిన చిక్కడపల్లివారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సరళీస్వరాలు పాడే విద్యార్థి ప్రతి ఉదయమూ కచేరీ చేయడు. కచేరీనాడు మాత్రం సరళీస్వరాలు పాడడు. రెండింటి మర్యాదలు రెండు. సాధనలో ఓర్పు, అణకువ, తన తప్పును తానే పట్టుకునే నిశితదృష్టి కావాలి. పోటీలో సంశయాన్ని పక్కన పెట్టి, తెచ్చుకున్నదానిని ధైర్యంగా వెలికి తీయగల నిబ్బరం కావాలి. సాధనలో పోటీదారుగా, పోటీలో సాధకుడుగా ఉండేవాడు రెండుచోట్లా నష్టపోతాడు.

విశ్రాంతి విషయం కూడ ఇందులోనిదే. కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదు. ఎత్తిన తరువాత తిని, నిద్రించేటప్పుడు. మితాహారాన్ని, మితనిద్రను గీతాకారుడు ఏనాడో యోగానికి ముడిపెట్టినాడు. అర్ధరాత్రి రెండు గంటలవరకు చదివి, అయిదు గంటలకు లేచి, చాయతో కడుపు నింపుకుని జిమ్ముకు వెళ్లేవాడు తన శరీరానికి అప్పుమీద అప్పు పెడుతున్నాడన్నమాట. వడ్డీతో సహా అది తిరిగి అడుగుతుంది, నడుములోనో మోకాలిలోనో.

ఇంకొక సత్యాన్ని కూడ మొదటనే తెలుసుకోవడం మంచిది. మొదటి నెలలలో బరువు వారం వారం పెరుగుతుంది. కొన్ని సంవత్సరాలు గడచిన తరువాత ఒక్క రెండు కిలోలకోసం ఏడాదంతా కష్టపడవలసి వస్తుంది. ఆ ఏడాదిలో మిగిలిన మూడువందల పైచిలుకు రోజులను ఆనందంగా గడపడం తెలియనివాడు ఈ విద్యలో ఎక్కువకాలం నిలవలేడు. పెరుగుదల ఆగినప్పుడు కూడ జిమ్ము తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లగలగడం, వెళ్లి చిన్న బరువును శుభ్రంగా ఎత్తి తృప్తిగా తిరిగి రాగలగడం అలవడినవానికే ఈ విద్య కలకాలపు తోడు అవుతుంది.

రెండున్నర కిలోలు

పోటీలో వివేకం ఎంత కఠినమైనదో చెప్పడానికి తెలుగువారి ఇంటి ఉదాహరణే ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి, నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర తొలిపాఠాలు నేర్చి, 1994లోను, 1995లోను 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేతగా నిలిచినది. స్త్రీలకు ఒలింపిక్ బరువుల పోటీలో ప్రవేశం దొరికినది 2000 సంవత్సరపు సిడ్నీ క్రీడలలోనే. ఆ సెప్టెంబరు 19వ తేదీన ఆమె 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలుచుకున్నది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె.

బంగారం పొందిన చైనా వనిత లిన్ వీనింగ్, రజతం పొందిన హంగేరీ వనిత ఎర్జెబెట్ మార్కుష్, ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. ఆనాటి నియమం ప్రకారం దేహభారం తక్కువగా ఉన్న లిన్‌కు బంగారం దక్కినది. అంటే మల్లేశ్వరికీ బంగారానికీ నడుమ ఉన్నది రెండున్నర కిలోలు మాత్రమే. ఆమెకు ఒక అవకాశం మిగిలి ఉన్నది. ఆ చివరి ప్రయత్నానికి బార్‌మీద పెట్టినది 137.5 కిలోలు. అంతకుముందు ఎత్తినదానికంటె అది ఏడున్నర కిలోలు అధికం. ఆ బరువు నిలవలేదు. 135 పెట్టి ఉంటే మొత్తం 245 అయి, దేహభారాల లెక్కతో పనిలేకుండానే బంగారం వచ్చి ఉండేది గదా అని ఈ నాటికీ లెక్కలు వేసేవారున్నారు.

ఈ లెక్కలు వేయడం సులభం. ఆ గదిలో, ఆ గడియారం ఎదుట నిర్ణయించడం వేరు. పోటీదారునికి దొరికేది ఒక్క నిమిషం. వరుసగా తానే మళ్లీ ఎత్తవలసివస్తే రెండు నిమిషాలు. పైగా బార్‌మీది బరువు పోటీ సాగినకొద్దీ పెరగడమే గాని తగ్గడం లేదు. అందువల్ల మొదటి ప్రయత్నానికి ఎంత కోరాలి, రెండవదానికి ఎంత పెంచాలి, మూడవదానిలో ఎంత సాహసించాలి అన్నది సగం పోటీ. అనుభవజ్ఞులు చెప్పే సామాన్య సూత్రమొకటి ఉన్నది: మొదట కోరే బరువు, ఒళ్లు బాగాలేని రోజున కూడ ఎత్తగలిగినది కావాలి, చివర కోరేది, ఎత్తితే ఉపయోగముండి, తప్పినా మొత్తానికి హాని లేనిది కావాలి. ఈ సూత్రంలో పిరికితనం లేదు. సాహసానికి చోటు చివరనున్నది, పునాది పడిన తరువాత. మల్లేశ్వరి చివరి ప్రయత్నం కూడ అటువంటి చోటనే చేసినది; తప్పినా 240 ఆమెదే అయి ఉన్నది. ఏడున్నర కిలోల గంతు ఎక్కువ కావచ్చును. కాని కాంస్యంతో తృప్తిపడి ఊరకుండక బంగారాన్ని కోరడం దురాశ అనలేము. సమభావమంటే కోరిక లేకపోవడమని అర్థం చెప్పేవారు ఆ క్షణాన్ని ఒకసారి తలచుకోవలెను. గెలవాలన్న కోరిక లేనివాడు పోటీకి వెళ్లి ఇతరుల కాలాన్ని వృథా చేయడమెందుకు?

సున్న తరువాత

ఓటమిని మోయడానికీ దించడానికీ గల భేదాన్ని మణిపురినుంచి వచ్చిన మీరాబాయి చాను చరిత్ర చెప్పినంతగా మరొకటి చెప్పదు. 2016 రియో క్రీడలలో 48 కిలోల తరగతిలో ఆమె క్లీన్ అండ్ జెర్క్ ప్రయత్నాలు మూడూ తప్పినవి. మొత్తమన్నదే నమోదు కాలేదు. సంవత్సరం తిరిగేసరికి, 2017లో అమెరికాలోని అనాహైమ్‌లో 194 కిలోలెత్తి ప్రపంచవిజేత అయినది. 2021 జూలైలో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల తరగతిలో 202 కిలోలతో రజతం పొందినది. 2024 పారిస్‌లో 199 కిలోలెత్తి నాలుగవ స్థానంలో నిలిచినది. కాంస్యం పొందిన థాయ్‌లాండు వనిత ఎత్తినది 200 కిలోలు.

సున్న, రజతం, ఒక్క కిలో తేడాతో నాలుగవ స్థానం, ఈ మూడూ ఒకే మనిషివి. రియోలో సున్న వచ్చిననాడు ఆమె బలహీనురాలు కాదు. టోక్యోలో రజతం వచ్చినందువల్ల ఆ సున్న చెరిగిపోలేదు. ఒక్కొక్క పోటీ ఆ రోజుకు సంబంధించిన సాక్ష్యం మాత్రమే ఇస్తుంది. న్యాయస్థానంలో సాక్షి తనకు తెలిసినదానిని చెప్పి దిగిపోతాడు. తీర్పు చెప్పే అధికారం అతనికి లేదు. ఫలితాల పట్టికను సాక్షిగా వినాలి గాని తీర్పుగా స్వీకరించరాదు. ఆ సాక్ష్యం విని, ఏ అంచెలో తప్పు జరిగినదో తెలుసుకుని, మరునాటి సాధనలో దానిని దిద్దుకున్నవానికి ఓటమి గురువవుతుంది. అది విననివాడు అదే తప్పును మళ్లీ చేస్తాడు. దానినే తీర్పనుకున్నవాడు బార్‌ను ముట్టడమే మానుకుంటాడు.

రెండు అతులు

అంకెనే దైవంగా కొలిచేవాని గతి ఏమిటో చూడటానికి దూరం పోనక్కరలేదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే గ్రామం బరువులెత్తేవారికి పేరుపొందినది. ఆ ఊరినుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతిలో కాంస్యం సాధించినది. కొద్దిరోజులకే అది రజతంగా మారినది. కారణం, బంగారం గెలిచిన నైజీరియా బాలిక నిషిద్ధ ఔషధాల పరీక్షలో పట్టుబడటం. ఆమె దేహంలో కనిపించినవి మూత్రస్రావాన్ని అధికం చేసే మందులు. ఆమె వయస్సు పదహారు సంవత్సరాలు. ఆ వయస్సు పిల్ల చేతిలోనికి ఆ మందులు ఎట్లా వచ్చినవన్న ప్రశ్న ఆమెనొక్కతెనే అడిగి ఊరుకోవలసినది కాదు. పతకానికి, పిల్లకు నడుమ ఎందరో పెద్దలుంటారు.

ఈ వ్యామోహానికి ప్రపంచమంతటా ఈ క్రీడ భారీగా మూల్యం చెల్లించినది. రియోలో 260 మంది బరువులెత్తేవారికి చోటుండగా, పారిస్‌నాటికి ఆ చోట్లు 120కి కుదించుకుపోయినవి. మందుల మచ్చ కారణంగా ఒలింపిక్ క్రీడలలో దీని ఉనికియే కొంతకాలం సంశయంలో పడినది. 2023లో గాని 2028 లాస్ ఏంజెలస్ క్రీడలలో దీనికి స్థానం ఖాయం కాలేదు. వేదికల సంగతి అట్లా ఉండగా, వీధి చివర జిమ్ములో కూడ ఇదే వ్యామోహం చిన్న రూపంలో కనిపిస్తుంది. మూడు నెలలలో కండలు రావాలని తెలియని పొడులు మింగడం, తక్కువ తరగతిలో దిగాలని నీళ్లు మానివేసి రెండు రోజులు ఉపవాసముండటం, నడుము నొప్పిని దాచుకుని బరువు పెంచడం, ఇవన్నీ దాని పిల్లలే.

దీనికి ఎదురుగా ఇంకొక అతి ఉన్నది. "మాకు పోటీలెందుకండీ, ఆరోగ్యంకోసం చేస్తున్నాము" అనేది దాని మాట. ఆరోగ్యంకోసం చేయడం మంచిదే. అయితే ఓడిపోతామన్న భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆరోగ్యాన్ని అడ్డుపెట్టుకునేవారూ ఉంటారు. జిమ్ములో అద్దం ఎదుట ఎత్తిన బరువుకు సాక్షి తానే, న్యాయమూర్తి తానే. మోచేయి వంగినా, పాదం తొలగినా తాను చూడడు. ముగ్గురు న్యాయనిర్ణేతల ఎదుట, గడియారం నడుస్తుండగా, పదిమంది చూస్తుండగా ఎత్తినప్పుడే తన విద్య నిజస్వరూపం తెలుస్తుంది. ఏడాదికి ఒకసారైనా అట్లా నిలబడినవాడు తన్ను గురించి కొంత సత్యాన్ని తెలుసుకుంటాడు. స్థానం చివరిదైనా ఆ సత్యం విలువైనదే.

పెద్దల పని

ఈ సమభావం యువకునికి ఒంటరిగా అలవడదు. దానికి గురువు కావాలి, ఇల్లు కావాలి. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దు ప్రాంతంలో, ఒకప్పుడు నేరస్థ జాతులుగా ముద్ర వేసినవారికోసం 1913లో నెలకొల్పిన స్టువర్టుపురం పేరు చాలాకాలం దొంగతనాల కథలతోనే ముడిపడి ఉండేది. ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్, హైదరాబాదు శివారులోని హకీంపేట క్రీడా పాఠశాలలో తర్ఫీదు పొంది, 2014 నాన్‌జింగ్ యువజన ఒలింపిక్స్‌లో రజతాన్ని, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల తరగతిలో 338 కిలోలెత్తి బంగారాన్ని తెచ్చినాడు. ఒక ఊరిమీద లోకం మోపిన బరువుకు సమాధానంగా ఆ 338 కిలోలు నిలిచినవంటే అతిశయోక్తి కాదు. ఒక పల్లెటూరి పిల్లవానికి సకాలంలో ఆహారం, బడి, గురువు, ఓపిక లభిస్తే ఏమి జరుగుతుందో ఆ పతకాలు చెప్పుతున్నవి.

మంచి గురువును గుర్తించడం కష్టం కాదు. శిష్యుడు ఎత్తిననాడు ఆయన పొంగిపోడు. తప్పిననాడు ముఖం తిప్పుకోడు. "ఈ రోజు ఇక చాలు, బార్ దించు" అనగలిగినవాడే గురువు. ఇంటివారికి కూడ అదే కొలత. సాయంకాలం వచ్చిన కొడుకునో కూతురినో "ఎంత ఎత్తినావు?" అని అడగడానికి ముందు "తిన్నావా, నడుము నొప్పి తగ్గినదా?" అని అడిగే తల్లిదండ్రులున్న ఇంట ఓటమి పెద్ద బరువుగా ఉండదు. పరీక్ష ఫలితం వచ్చిననాడు కూడ ఇదే వరుసను పాటించగలిగితే, అశోక్‌నగర్ హాస్టలు గదులలో నిద్ర కొంత హాయిగా పడుతుంది.

ఈ పేటల యువతీయువకులు ఆచరించడానికి ఇందులో కష్టమైనది ఏమీ లేదు. వారానికి మూడు నాలుగు రోజులు, తెలిసిన గురువు కనుసన్నలలో, ఖాళీ బార్‌తో ప్రారంభించి చేయవలెను. ఎత్తిన బరువునే కాక, ఎట్లా ఎత్తినదీ, ఎంత నిద్రపోయినదీ కూడ ఒక పుస్తకంలో వ్రాసుకోవలెను. సంవత్సరానికి ఒక పోటీలో, జిల్లా స్థాయిదైనా సరే, పేరు ఇచ్చి మనస్ఫూర్తిగా గెలవాలని కోరుకోవలెను. ఆ రోజు సాయంకాలం, పతకం వచ్చినా రాకపోయినా, తోటి పోటీదారులతో కలిసి కడుపునిండా భోంచేయవలెను. మరునాటి ఉదయం గ్రంథాలయంలో తన మామూలు కుర్చీలో తాను కూర్చోగలిగితే, న్యాయనిర్ణేతల సంజ్ఞ అతనికి సరిగానే వినిపించినదన్నమాట.